ఆరోహణ, గ్లైడ్ వేగాలకు సాటూత్ పరీక్ష: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

మా అన్నయ్యా నేనూ కలిసి టెక్సస్‌లో కిట్ నుంచి కట్టుకున్న రెండు సీట్ల ఆర్‌వీ-9ఏ విమానానికి ఏ వేగంతో ఎక్కించాలో, ఇంజిన్ ఆగితే ఏ వేగంతో దించాలో తేల్చుకోవడానికి మేము మొదటి నుంచీ సాటూత్ పరీక్షనే, అంటే రంపపు పళ్ళలా పదేపదే ఎక్కి దిగుతూ చేసే కొలతనే, నమ్ముకున్నాము. అన్నయ్య అక్కడే స్థిరపడ్డాడు. నేను ఏటా చలికాలంలో అక్కడికి వెళ్ళి ఎగురుతాను, మిగతా కాలమంతా విజయవాడలో మొగల్రాజపురం ఇంట్లో కూర్చుని ఆ అంకెలతో గ్రాఫులు గీస్తాను. ఇంత చవకగా, ఇంత నిజాయితీగా ఫలితమిచ్చే పద్ధతి మరొకటి నాకు కనబడలేదు.

కావలసినవి స్టాప్‌వాచ్, ఆల్టీమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే మీటరు), పెన్సిలు, గ్రాఫు కాగితం మాత్రమే. ఒక ఎత్తు పట్టీని, ఉదాహరణకు 3,000 నుంచి 4,000 అడుగుల వరకు, ఎంచుకొని, గాలికి అడ్డంగా ఉండే దిశలో, ఫుల్ థ్రాటిల్‌తో, ఒకే వేగాన్ని నిలబెట్టి ఎక్కి, పట్టిన సమయాన్ని రాసుకోవాలి. తరువాత కిందికి దిగి, వేగాన్ని ఐదు నాట్లు (విమాన వేగపు కొలమానం) మార్చి మళ్ళీ ఎక్కాలి. అడ్డంగా వేగాన్ని, నిలువుగా నిమిషానికి ఎక్కిన అడుగులను వేస్తే వచ్చే వంపులో శిఖరం దగ్గరున్నదే వీవై, అంటే నిమిషానికి అత్యధికంగా ఎక్కే వేగం. మూలబిందువు నుంచి ఆ వంపును తాకేలా గీసిన గీత తాకిన చోట వీఎక్స్, అంటే తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు ఎక్కే వేగం. థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగి దిగుతూ ఇదే పని చేస్తే గ్లైడ్ (ఇంజిన్ బలం లేకుండా జారుతూ దిగడం) వంపు వస్తుంది. దానికి మూలబిందువు నుంచి గీసిన స్పర్శరేఖ అత్యధిక దూరమిచ్చే వేగాన్ని చూపుతుంది. నిమిషానికి అతి తక్కువ ఎత్తు కోల్పోయే వేగం సిద్ధాంతం ప్రకారం దానిలో దాదాపు 0.76 వంతు.

గ్లైడ్ వంపు అడుగుభాగం చాలా చదునుగా ఉంటుంది. సరైన గ్లైడ్ వేగానికి 10 శాతం పైన ఎగిరితే దూరంలో నష్టం దాదాపు 2 శాతమే. అదే 20 శాతం తక్కువలో ఎగిరితే గాలి నిరోధం దాదాపు 10 శాతం పెరుగుతుంది, పైగా స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరపడుతుంది. అందువల్ల ఒక్క నాటు కోసం కొట్టుకోకుండా, సందేహం వస్తే కాస్త పైవేగం వైపు మొగ్గడమే మంచిది. ఎదురుగాలిలో అయితే మొగ్గి తీరాలి. ఆరోహణ శిఖరం కూడా చదునే కాబట్టి మేము వీవై కంటే కొంచెం వేగంగానే ఎక్కుతాము: ఎక్కే రేటులో పోయేది స్వల్పం, ఇంజిన్ చల్లగా ఉంటుంది, ముక్కు దిగడంతో ముందు దారి కనబడుతుంది. గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఈ అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో వేసి వంపు గీయిస్తాడు. కానీ గాలి కుదుపు వల్ల పక్కకు పోయిన ఒక్క బిందువు వెంట అది శిఖరాన్ని లాక్కుపోతుంది. చేత్తో గీసిన వంపే నాకు నమ్మకం.

ఉష్ణోగ్రతను వదిలేస్తే మాత్రం ఈ పద్ధతి వేర్వేరు రోజుల అంకెలను కలవనివ్వదు. 3,500 అడుగుల వద్ద ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీలు. అక్కడ 25 డిగ్రీలు ఉంటే, ఆల్టీమీటర్‌లో 1,000 అడుగులు కదిలినప్పుడు విమానం నిజంగా ఎక్కింది సుమారు 1,060 అడుగులు. ఒకే పూట తీసిన బిందువులన్నీ ఒకే నిష్పత్తిలో జరుగుతాయి కనుక శిఖరం ఉన్న వేగం మారదు. కానీ రెండు పూటల అంకెలను దిద్దకుండా ఒకే కాగితం మీద వేయకూడదు. రోహిణి కార్తెలో 45 డిగ్రీల ఎండలో గన్నవరం రన్‌వే మీద, సముద్రమట్టానికి కొద్ది మీటర్లే పైనున్నా, గాలి పలుచదనం సుమారు 3,600 అడుగుల ఎత్తులో ఉన్నట్లుంటుంది. అలాంటి గాలిలో ఎక్కే రేటు బాగా పడిపోతుంది. ఎయిర్‌స్పీడ్ మీటరు మీద చూస్తే వీవై కాస్త తగ్గి, వీఎక్స్ కాస్త పెరుగుతుంది.

బయటి గాలి ఒత్తిడిని మీటరుకు అందించే స్టాటిక్ రంధ్రం స్థానం వల్ల ఎయిర్‌స్పీడ్ మీటరులో లోపం ఉంటే స్పర్శరేఖ తప్పుడు చోట తాకుతుంది కాబట్టి, ముందుగా నాలుగు దిక్కులలో జీపీఎస్ వేగాలు తీసి మీటరును సరిచూసుకోవాలి. పరీక్షలు తెల్లవారుజామున, ఎండ గాలిని కదిలించకముందే చేయాలి.

గ్లైడ్ పరీక్ష విషయంలో అతి ముఖ్యమైన పరిమితి ఒకటుంది. ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడు, ఇంజిన్ ఇంకా ప్రొపెల్లర్‌ను కొంత తిప్పుతూనే ఉంటుంది. నిజంగా ఇంజిన్ చచ్చిపోయి గాలికే ప్రొపెల్లర్ తిరుగుతుంటే నిరోధం ఎక్కువై, మనం గీసుకున్నంత దూరం రాదు. ఉత్తమ వేగం కూడా కాస్త తగ్గుతుంది. కాబట్టి ఐడిల్ వంపు నుంచి వచ్చిన వేగాన్ని వాడుకోవచ్చు గానీ, దూరాన్ని మాత్రం గణనీయంగా తగ్గించుకొనే లెక్కించాలి. ఈ తేడా తెలుసుకోవడం కోసం ఇంజిన్‌ను ఆపి చూడవద్దని గట్టిగా చెబుతాను. ఐడిల్ దిగుడు కూడా రన్‌వేకు చేరగలిగే దూరంలోనే చేయాలి.

బరువు తగ్గితే గ్లైడ్ నిష్పత్తి మారదు, వేగం మారుతుంది, అదీ బరువు వర్గమూలం ప్రకారం. పూర్తి బరువులో 80 నాట్లు వచ్చిందనుకుంటే, ఐదో వంతు బరువు తగ్గి ఒక్కరే ఎగిరినప్పుడు సుమారు 71.5 నాట్లు. అందుకే మా ప్యానెల్ మీద ఇద్దరున్నప్పటి అంకె, ఒక్కరున్నప్పటి అంకె పక్కపక్కనే అంటించి ఉంటాయి. ప్రొపెల్లర్ మార్చిన ప్రతిసారీ ఆ రెండింటినీ చించివేసి, పరీక్షలు మొదటి నుంచి చేస్తాము.