ఊళ్ళో ఇంటికి ఫైబరా, ఎయిర్‌ఫైబరా?

అమ్మానాన్నలు ఉంటున్న ఊళ్ళో ఇంటికి ఏ నెట్ పెట్టించాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకే అపార్ట్‌మెంటుకు నాలుగు కంపెనీలు పోటీపడతాయి కనుక నచ్చినది ఎంచుకోవచ్చు. మండల కేంద్రం దాటాక ఒక్క కంపెనీ వచ్చినా గొప్పే కాబట్టి, అక్కడ లెక్క వేరుగా ఉంటుంది.

వేగాన్ని చూసి తేల్చుకోవద్దని నా మనవి. ఇంటి అవసరాలకు 30 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు, అది కేబుల్ ద్వారా వచ్చే ఫైబరూ, టవరు సిగ్నల్‌తో వచ్చే ఎయిర్‌ఫైబరూ రెండూ ఇవ్వగలవు. అసలు చూడవలసింది, కేబుల్ తెగిన రోజున దాన్ని అతికే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయల ప్యాకేజీతో లాంఛనంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, తవ్వకాల ఖర్చు తప్పించుకోవడానికి కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. అలా వేలాడే కేబుల్ గాలివానకు కొమ్మ విరిగిపడినా, గడ్డి లోడు ట్రాక్టరు తగిలినా తెగుతుంది. అప్పుడు ఇంట్లోని బాక్సు మీద, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా మిణుకుతుంది. కరెంటు తీగలాగా మెలిపెట్టి టేపు చుడితే కుదరదు. వెంట్రుకంత సన్నని గాజుపోగు కొసలను స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి, కరిగించి అతకాలి. ఆ మిషన్ ఉన్న కేబుల్ ఆపరేటరు మండలంలోనే ఉంటే సాయంత్రానికి నెట్ తిరిగి వస్తుంది. జిల్లా కేంద్రం నుంచి రావలసి వస్తే, ఊరి చివరి నాలుగిళ్ళ కోసం బయలుదేరడానికి ఎవరికీ తొందర ఉండదు.

2023లో మన దేశంలో మొదలైన ఎయిర్‌ఫైబర్‌కు ఈ బెడద లేదు. డాబా మీద బిగించిన పరికరం టవరు నుంచి 5జీ సిగ్నల్‌ను అందుకుంటుంది. అయితే అదే టవరును ఊళ్ళోని ఫోన్లన్నీ పంచుకుంటాయి కనుక, రాత్రి ఎనిమిదింటికి అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోనుతో డాబా ఎక్కి వేగం చూసుకున్నాకే డబ్బు కట్టాలి. నెలవారీ డేటా పరిమితి కూడా సాధారణంగా ఫైబర్ కంటే తక్కువే.

ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కరి అవసరానికి సరిపోతుంది, ఇంటికి చాలదు. ఉపగ్రహ ఇంటర్నెట్ విషయానికొస్తే, స్టార్‌లింక్‌కు 2025లో మన దేశంలో లైసెన్సు వచ్చింది గానీ, టవరో కేబులో ఉన్న ఊరికి దానితో పనిలేదు. మన్యంలోని గూడేల సంగతి వేరు.

నన్నడిగితే, ఆపరేటరు దగ్గర్లో ఉన్నంతవరకు ఫైబరే మేలు. ఏడాది చందా ఒకేసారి కట్టే ముందు మాత్రం, స్ప్లైసింగ్ మిషన్ సొంతంగా ఉందో, ప్రతిసారీ ఎక్కడినుంచో తెప్పించాలో ఆయననే అడగండి.