ఒడిశా బరంపురంలో చిన్న ఫ్లాట్‌ని ఓపెన్ హాల్‌గా మార్పించేవాళ్ళకు హెచ్చరిక

వంటింటి గోడ తీసేసి హాల్లో కలిపేస్తాం, పగలు సోఫా ఉన్నచోటే రాత్రి గోడలోంచి మంచం దిగుతుంది, ఒక మడత టేబుల్ మీదే భోజనాలూ పిల్లల చదువూ. ఈ మాటలతో ఆంధ్రా బోర్డరు అవతలి నుంచి వచ్చే ఇంటీరియర్ కాంట్రాక్టర్ మీ ఇంటికీ రావచ్చు. చక్కగా తెలుగు మాట్లాడతాడు, మన వైపు చుట్టరికాలన్నీ చెబుతాడు. ఆలోచనలో తప్పేమీ లేదు, చిన్న ఫ్లాటుకి నిజంగానే బాగుంటుంది. కానీ మా ఇంట్లో ఆ పని చేసినతను మమ్మల్ని మోసం చేశాడు, మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాడు.

మా బిల్డింగ్ పిల్లర్లు, బీముల మీద కట్టింది. వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది ఐదంగుళాల గోడ. అలాంటిది ఇంజనీరు చూసి సరేనంటే, అసోసియేషన్ ఒప్పుకుంటే తీసేయొచ్చు. ఇతను గోడతో ఆగలేదు. స్లైడింగ్ తలుపు పట్టాకి ఎత్తు చాలలేదని మాకు చెప్పకుండా పైనున్న బీము అడుగు చెక్కించేశాడు. ఇనుప చువ్వలు బయటపడ్డాయి. వాటిని అలాగే వదిలేసి ఫాల్స్ సీలింగ్ కప్పేశాడు. ఇండక్షన్, ఒవెన్ కలిపి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోందని వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సీలింగ్ విప్పిస్తే అప్పుడు కనబడింది. ఆ పాయింట్లకి కొటేషన్‌లో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రాశాడు, లాగింది లైట్లకి వాడే 1.5.

పక్కనే గోపాల్‌పూర్ సముద్రం. ఉప్పుగాలికి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటూ పగిలిపోతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటిందీ ఇక్కడే. అలాంటి ఊళ్ళో పై అంతస్తువాళ్ళ బరువు మోసే బీముని చెక్కారంటే నాకు ఇప్పటికీ కోపం ఆగడం లేదు. వాళ్ళింట్లో చంటిపిల్లలున్నారు.

మడత మంచం అమ్మ కోసం చేయించాం. యాంకర్ బోల్టులతో బిగించాల్సిన బరువుని మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలతో నిలబెట్టాడు. ఒకరోజు మంచం దించుతుంటే ఫ్రేము గోడలోంచి ఊడివచ్చింది. అమ్మ పక్కకి జరగబట్టి బతికింది.

ప్లైవుడ్ సంగతీ అంతే. శాంపిల్‌గా చూపించింది నీటికి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై. సింకు కింద వేసింది తడికి ఆగని కమర్షియల్ ప్లై, ఒక్క వానాకాలానికే ఉబ్బి పొరలు విడిపోయింది.

వీటన్నిటిలోనూ జరిగింది ఒకటే: కప్పేశాక ఏదీ కనబడదు. అందుకే డబ్బుని పని దశలకి ముడిపెట్టండి. వైర్లు లాగాక, సీలింగ్ మూయకముందు ఫొటోలు తీసుకోండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించి ఆ తర్వాతే తర్వాతి విడత ఇవ్వండి. సన్‌మైకా అంటించకముందు ప్రతి ప్లై షీటు మీదా ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తెలిసిపోతుంది. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని ఆశ పెడతారు, ఒప్పుకోకండి. రేపు గొడవొస్తే ఆ కాగితమే కావాలి.

కాంట్రాక్టర్ వేరే రాష్ట్రంవాడు కదా, కేసు ఎక్కడ వేయాలి అని చాలామంది వదిలేస్తున్నారు. వదలకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్ బరంపురంలోనే ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. మా దగ్గర కొటేషన్, బ్యాంకు చెల్లింపులు, సీలింగ్ విప్పినప్పటి ఫొటోలు ఉన్నాయి, మేమూ కేసు వేస్తున్నాం.

ఇలా మార్చేసిన ఫ్లాట్‌ని రెడీగా కొనేవాళ్ళకి ఇంకో మాట. ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైటు దింపించి, టార్చి వేసి బీము ఎలా ఉందో చూడండి. ఓనరు ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.