స్టాఫ్ అసోసియేషన్‌లో చేరొచ్చా? చెన్నై ఆఫీసు నుంచి నా రివ్యూ

ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్ష రాసి చెన్నైలో పోస్టింగు తెచ్చుకున్న మన పిల్లలు, ఆఫీసులో చేరి వారం తిరక్కముందే నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, అసోసియేషన్ వాళ్ళు (ఉద్యోగుల సంఘం) సభ్యత్వ ఫారం ఇచ్చారు. సంతకం పెట్టమంటావా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను పనిచేసేది ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. ఆఫీసు పేరూ, అసోసియేషన్ పేరూ రాయను. ఉద్యోగం కావాలి కదా. మిగతాదంతా ఉన్నదున్నట్టే.

ముందు ధర. నెలకి యాభై రూపాయలు, జీతంలోంచే పట్టుకుంటారు. పే స్లిప్పులో అడుగున ఎక్కడో ఉంటుంది, కొన్నాళ్ళకి మనం చూడటం కూడా మానేస్తాం. అసలు ఖర్చు అది కాదు. డీఏ (కరువు భత్యం) బకాయిలు పడితే చందాకి ఒక రసీదు పుస్తకం, మహాసభ వస్తే ఇంకొకటి, రిటైరయ్యేవాళ్ళ శాలువాకి మరొకటి. "మీ ఇష్టం మేడం, ఎంతైనా పర్వాలేదు" అంటూనే, పక్క సీటాయన రాసిన ఐదొందలు కనబడేలా పుస్తకం తెరిచి పట్టుకుంటారు.

బదులుగా జనవరిలో ఒక డైరీ ఇస్తారు. నవ్వకండి, ఆ డైరీ మంచిది. ముందు పేజీల్లో సెలవుల జాబితా, లీవు రూల్సు, డీఏ పట్టిక, ఇంటద్దె భత్యం లెక్క అన్నీ ఉంటాయి. డీఏ 50 శాతానికి చేరితే చెన్నైలాంటి నగరాల్లో ఇంటద్దె భత్యం 27 నుంచి 30 శాతానికి పెరుగుతుందని నాకు తెలిసింది ఆ డైరీ చూసే. 2024 జనవరి నుంచి పెరిగింది కూడా.

మా ఆఫీసులో అసోసియేషన్లు రెండు. ఎందుకు రెండో తెలియాలంటే 1993 నాటి గుర్తింపు నిబంధనలు తెలియాలి. ఒక కేడర్‌లో, అంటే ఒకే తరహా ఉద్యోగుల్లో, కనీసం 35 శాతం మంది సభ్యులుంటేనే ప్రభుత్వం సంఘాన్ని గుర్తిస్తుంది. దాని తర్వాత ఎక్కువమంది ఉన్న సంఘానికి 15 శాతం ఉన్నా చాలు. ఎంతమంది ఉన్నారన్నది జీతంలో కోతని బట్టే లెక్కేస్తారు. అంటే వాళ్ళకి మీ యాభై రూపాయల కన్నా మీ తలకాయ ముఖ్యం. సభ్యత్వ తనిఖీ దగ్గరపడే కొద్దీ కొత్తవాళ్ళ మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొస్తుంది. రూము దొరికిందా, సాంబారు పడుతోందా, ఊరెళ్ళడానికి టికెట్ అయిందా! ఒకరు బిర్యానీ పెట్టిస్తే ఇంకొకరు బ్యాగు పంచుతారు. తిన్నవాళ్ళు తినండి, తీసుకున్నవాళ్ళు తీసుకోండి, ఫారం మాత్రం ఆ రోజే ఇవ్వకండి. నాలుగు రోజులాగి, పోయిన ఏడాది ఏమేం ఉత్తరాలు రాశారో చూపించమనండి. చూపించగలిగిన వాళ్ళ సభ్యత్వమే నేను తీసుకున్నాను.

ఇక పనితనం. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను సంగతి చెబితే ఈ సంఘం దేనికి పనికొస్తుందో మీకే తెలుస్తుంది. నేను ఉండేది చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండిలో. ఆ సోమవారం, 4వ తేదీన, బేసిన్ బ్రిడ్జికీ వ్యాసర్పాడికీ మధ్య వంతెన దగ్గర నీళ్ళు పొంగి సెంట్రల్ వైపు రైళ్ళు ఆగిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం చెన్నైకీ చుట్టుపక్కల జిల్లాలకీ సెలవు ప్రకటించింది. కానీ రాష్ట్రం ఇచ్చిన సెలవు కేంద్ర ఆఫీసులకి దానంతటది వర్తించదు. నీళ్ళు తీసి, కరెంటు వచ్చి, ఆఫీసుకి చేరేసరికి బయోమెట్రిక్‌లో మా పేర్ల పక్కన ఆబ్సెంటు. ఆ రోజులకి సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టుకోండని అడ్మిన్ వాళ్ళు అన్నారు. మాకు ఏడాదికి సీఎల్ ఎనిమిదే. డిసెంబరు వచ్చేసరికి ఎవరి దగ్గర మిగులుతాయండీ? నా పక్క సీటు ఆవిడ కూతురి ప్లస్ టూ పరీక్షల కోసమని ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు) కూడబెట్టుకుంది. అందులోంచి కోత పడుతుందనేసరికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

అప్పుడు కదిలింది అసోసియేషన్. అంటే మా కోశాధికారి గారు కదిలారని అర్థం. పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగాయన, వాళ్ళ తాత అక్కడి బి అండ్ సి బట్టల మిల్లులో పనిచేశారట. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికులతోనే కాబట్టి సంఘం సంగతులు ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. లంచ్ టైములో క్యాంటీన్ బల్ల మీద టిఫిన్ బాక్సులు పక్కకి జరిపి, తెల్ల కాగితం పరిచి, ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు: ఎక్కడుంటావు, ఆఫీసుకి ఎంత దూరం, బస్సా రైలా. మేమేమో వర్షం కష్టాలన్నీ ఏకరువు పెట్టడం మొదలెట్టాం. ఫ్రిజ్ మునిగింది, పాలు దొరకలేదు, పాపకి జ్వరం. ఆయన పెన్ను ఆపి, "ఏడుపు వద్దు మా, నంబరు చెప్పు. ఎన్ని కిలోమీటర్లు?" అన్నారు.

ఎందుకంటే పాత రూలొకటుంది. ప్రకృతి వైపరీత్యం వల్ల రాకపోకలు ఆగిపోయినప్పుడు, ఆఫీసుకి మూడు మైళ్ళ అవతల ఉండే ఉద్యోగికి స్పెషల్ క్యాజువల్ లీవు, అంటే సొంత లీవులోంచి కోత పడని సెలవు, ఇవ్వొచ్చు. మైళ్ళలోనే ఉంది, అంత పాత రూలు. ఉత్తరం ఒక్క పేజీ. మొదటి పేరాలో ఏం జరిగింది, రెండోదాంట్లో ఏ ఆర్డరు ప్రకారం అడుగుతున్నాం, మూడోదాంట్లో ఏం కావాలి. వెనక పట్టిక: పేరు, సెక్షను, ఉండే ఊరు, దూరం, వచ్చే దారి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చారు. పొంగల్ సెలవులు దాటాక సర్క్యులర్ వచ్చింది. మూడు మైళ్ళ అవతలి వాళ్ళకి స్పెషల్ లీవు. ట్రిప్లికేన్‌లో నడుములోతు నీళ్ళలో ఉన్నవాళ్ళు మాత్రం దూరం చాలక సొంత లీవే పెట్టుకున్నారు. వాళ్ళ కోసం ఇంకో ఉత్తరం రాశారు, దానికి జవాబు రాలేదు. అయినా సరే, నేనొక్కదాన్నీ వెళ్ళి అడిగి ఉంటే ఆ రూలు ఉందని కూడా నాకెవరూ చెప్పేవారు కాదు. ఈ ఒక్క పనికే చందా గిట్టుబాటైపోయింది.

ఇప్పుడు రెండో ముఖం. మా మూడో అంతస్తు లేడీస్ టాయిలెట్‌కి గడియ ఊడిపోయింది. ఫైళ్ళు కట్టే టాగు తీసుకుని, ఒక కొస మేకుకి, ఇంకో కొస కుళాయి పైపుకి కట్టుకునేవాళ్ళం. బయట ఒకళ్ళు కాపలా. అసోసియేషన్ వాళ్ళు దీన్ని ఆఫీస్ కౌన్సిల్లో పెట్టారు. ఈ కౌన్సిల్ అంటే 1966లో కేంద్రం పెట్టిన సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో కింది మెట్టు. పైన క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షతన నేషనల్ కౌన్సిల్, మధ్యలో శాఖల స్థాయి, కింద ఆఫీసు స్థాయి. వినడానికి ఘనంగానే ఉంటుంది. మా గడియ మాత్రం మీటింగు మీటింగుకీ మినిట్స్‌లో "చర్యలో ఉంది" అనే మాటతో బతికింది. కార్యవర్గంలో అందరూ మగవాళ్ళే. మహిళా ప్రతినిధి అని ఒకావిడ పేరు లెటర్‌హెడ్ మీద ఉంది, ఆవిడ ఎప్పుడో బదిలీ అయి మదురై వెళ్ళిపోయింది. చివరికి మేమే నలుగురం ఆడవాళ్ళం టాగు ఫోటో తీసుకుని అడ్మిన్ ఆఫీసరు మేడం దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఫోటో చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ వారంలోనే కొత్త గడియ, బల్బు, బకెట్ వచ్చాయి. తర్వాతి నెల అసోసియేషన్ బులెటిన్‌లో "మన పోరాట ఫలితం" అని గడియ గురించి రెండు లైన్లు! నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

కొత్తవాళ్ళకి ఎక్కువ టెన్షన్ పెట్టేది బదిలీ. ఇక్కడే బాగా మోసపోతారు. శ్రీకాకుళం అబ్బాయి ఒకడున్నాడు మా సెక్షన్లో. భార్య వైజాగ్‌లో కేంద్ర ఉద్యోగే. భార్యాభర్తలిద్దరికీ వీలైనంతవరకు ఒకేచోట పోస్టింగు ఇవ్వాలని 2009 సెప్టెంబరు 30న వచ్చిన ఆదేశం ఉంది. అది పట్టుకుని అసోసియేషన్ దగ్గరికి వెళ్తే, కార్యదర్శి గారు "పార్కలాం తంబీ" (చూద్దాం తమ్ముడూ) అని భుజం తట్టి పంపించారు. అలా పార్కలాం పార్కలాం అంటూ ఏడాది గడిచింది. నిజమేమిటంటే, గుర్తింపు ఉన్న సంఘం ఏ ఒక్క ఉద్యోగి సొంత సర్వీసు విషయాన్నీ తలకెత్తుకోకూడదని ఆ 1993 నిబంధనల్లోనే రాసి ఉంది. అందరికీ కలిపి బదిలీ విధానం అడగొచ్చు గానీ, ఫలానా అబ్బాయిని వైజాగ్ పంపండని ఉత్తరం రాయకూడదు. సరే, రూలు రూలే. ఆ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదా? చెప్పరు. చెబితే ఫారం ఎవరిస్తారు? పైగా తమకి కావలసినవాళ్ళ విషయం వచ్చేసరికి, ఉత్తరం లేకుండా, ఆఫీసరు గదిలో కాఫీ తాగుతూ నోటిమాటగా చెప్పి వస్తారు. నా అసలు ఫిర్యాదు ఇదే. రూలు అందరికీ అడ్డం, కొందరికి మాత్రం తలుపు.

కాబట్టి మీ సొంత విషయం మీరే రాసుకోవాలి. ప్రాపర్ ఛానెల్లో, అంటే మీ పై అధికారి ద్వారానే, అర్జీ పెట్టండి, ముద్ర వేయించుకున్న కాపీ ఇంట్లో దాచుకోండి. ఊళ్ళో ఎంపీ గారి లెటర్ తెస్తానని ఉత్సాహపడకండి. బయటి పలుకుబడి వాడితే కండక్ట్ రూల్స్‌లో 20వ రూలు మన మెడకే చుట్టుకుంటుంది. ఆరు నెలలు జవాబు రాకపోతే, ఆ తర్వాత ఏడాదిలోపు క్యాట్‌కి (కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు చూసే ట్రిబ్యునల్) వెళ్ళొచ్చు. చెన్నైలోనే బెంచ్ ఉంది. అక్కడ దరఖాస్తు ఫీజు కూడా యాభై రూపాయలే. వకీలు ఫీజు మాత్రం వేరే కథ.

సమ్మె చేస్తారా అని కొందరు కుర్రాళ్ళు అడుగుతారు. చెయ్యరు. నల్ల బ్యాడ్జీలు, లంచ్ టైములో గేటు దగ్గర నినాదాలు, అంతే. చెన్నైలో సమ్మె మాటెత్తితే పాతవాళ్ళు 2003 గుర్తుచేస్తారు. ఆ జూలైలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేస్తే ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెని అడ్డుకునే చట్టం) తరహా చట్టం కింద దాదాపు 1.7 లక్షల మందిని ఒక్కసారిగా తీసేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె హక్కు లేదంది. తర్వాత చాలామందిని వెనక్కి తీసుకున్నారు గానీ భయం మాత్రం ఉండిపోయింది. మేం రాష్ట్ర ఉద్యోగులం కాదు, అయినా మా గేటు దగ్గర గొంతులు ఒక స్థాయి దాటవు.

భాష సంగతి కూడా చెప్పాలి. నోటీసు బోర్డు ఇంగ్లీషులో, మీటింగు తమిళంలో, వాట్సాప్ గ్రూపు ఐదేసి నిమిషాల తమిళ వాయిస్ మెసేజీల్లో. మనవాళ్ళు సగం వింటారు, సగం ఊహిస్తారు. బిహార్ నుంచి వచ్చిన పిల్లల పరిస్థితి ఇంకా దారుణం. ముఖ్యమైనవి ఇంగ్లీషులో ఒక పేరా రాసి పెట్టమని మహాసభలో అడిగాను. చప్పట్లు కొట్టారు. ఇంకా పెట్టలేదు.

ఐదుకి మూడు ఇస్తాను. ఉత్తరాలకి నాలుగు, ఆడవాళ్ళ విషయాలకి ఒకటి, డైరీకి ఐదు, బదిలీల విషయంలో సున్నా, కలిపి సగటు చూసుకుంటే అంతకన్నా తక్కువే వస్తుందని నాకూ తెలుసు. అయినా మూడు. కోశాధికారి గారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ పాత ఆర్డర్ల ఫైలు ఎవరికైనా అప్పగిస్తున్నారా అని అడిగితే, "నువ్వొస్తావా మా, కార్యవర్గంలోకి?" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఇంట్లో వాళ్ళకి ఇంకా చెప్పలేదు. ఆయన రిటైరయ్యాక ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోకపోతే మాత్రం, జూలైలో వచ్చి ఈ మూడు కూడా తగ్గిస్తాను.