కోటను ఇల్లుగా మార్చాలంటే కూల్చడం మేలా, కలుపుకోవడం మేలా?

ఫ్రాన్స్‌లో ల్వార్ నది లోయ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి తోటలూ పెద్ద కిటికీలూ ఉన్న రాజభవనాలు. వాటిలో చాలావాటి పుట్టుక మాత్రం యుద్ధపు కోట. ఇంగ్లండ్‌తో నూరేళ్ల యుద్ధం 1453లో ముగిసింది. ఫిరంగుల ముందు ఎత్తైన గోడ నిలవదని అప్పటికే తేలిపోయింది. ఇక ప్రభువులకు వెలుతురు, సౌకర్యం కావాల్సి వచ్చాయి. మరి ఉన్న కోటను ఏం చేయాలి? మూడు చోట్ల మూడు దారులు పట్టారు.

మొదటిది లాంజే. ఇక్కడ పాతదాన్ని దాని మానాన వదిలేసి కొత్తది కట్టారు. 10వ శతాబ్దం చివర్లో ఆంజూ ప్రాంతపు ప్రభువు ఫూల్క్ నేరా కట్టించిన రాతి బురుజు మొండిగోడలతో ఇప్పటికీ వెనక తోటలో ఉంది. 1465 ప్రాంతంలో ఫ్రాన్స్ రాజు 11వ లూయీ దాని ముందు కొత్త కోట మొదలుపెట్టించాడు. ఊరివైపు నుంచి చూస్తే బురుజులు, పహరా తిరిగే దారి, ఎత్తుడు వంతెన. లోపలి ముంగిట్లోకి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే అదే కట్టడం ఇల్లులా ఉంటుంది, నిండా కిటికీలే. భయం ఇంకా పూర్తిగా పోని రోజుల్లో మనుషులు ఎలా ఆలోచించారో ఆ రెండు ముఖాలూ చెబుతాయి. పడమటనున్న బ్రెతాన్ అనే వేరే రాజ్యం వైపు దారిని కాయడానికి కట్టిన ఈ కోటలోనే 1491 డిసెంబర్‌లో బ్రెతాన్ పాలకురాలు ఆన్‌కు ఫ్రాన్స్ రాజు 8వ షార్ల్‌తో పెళ్లయింది.

రెండోది షెనోన్సో. 1513 నుంచి రాజు కొలువులో ఖజానా అధికారి తోమా బోయియే, ఆయన భార్య కాథరీన్ బ్రిసోనే ఇక్కడి పాత కోటను దాదాపు మొత్తం పడగొట్టించారు. ఒక్క బురుజును మాత్రం ఉంచి, దానికి కొత్త తరహా కిటికీలు పెట్టించారు. నదిలో ఉన్న పాత మిల్లు పునాది మీద ఇల్లు లేచింది. కోటల్లో ఉండే ఇరుకు చుట్టుమెట్లకు బదులు నేరుగా ఎక్కే మెట్లు పెట్టారు. ఫ్రాన్స్‌లో అలాంటి తొలి మెట్లలో ఇవీ ఉన్నాయి. ఆ తర్వాత 2వ ఆన్రీ రాజు ప్రియురాలు దియాన్ ద ప్వాతియే షేర్ నది మీద వంతెన కట్టిస్తే, దాని మీద ఆ రాజు భార్య కాథరీన్ ద మెదిచి 60 మీటర్ల పొడవైన హాలు కట్టించింది. ఉండటానికి ఏది మేలని అడిగితే నేను ఆలోచించకుండా దీని పేరే చెబుతాను. కానీ ఇక్కడ కోట కథ ఒక్క బురుజుతో సరి.

మూడోది బ్ల్వా. నా ఓటు దీనికే. ఒకే ముంగిలి చుట్టూ నాలుగు కాలాలు నిలబడి ఉంటాయి. ఒక మూల బ్ల్వా ప్రభువులు 13వ శతాబ్దం మొదట్లో కట్టించిన సభామందిరం. దాని పక్కన 12వ లూయీ ఇటుకా రాయీ కలిపి కట్టించిన భాగం. తర్వాత 1515లో రాజు మొదటి ఫ్రాన్స్వా మొదలుపెట్టినది. ఈయన కోట ప్రాకారాన్ని కూల్చలేదు. దానికి ఆనించి ముంగిలివైపు గదులు కట్టించాడు, ఆపైన గోడ బయటివైపూ ఇంకో వరుస కట్టించాడు. అలా కోటను కాపాడిన గోడ ఇంటి నడుమ గోడ అయింది. బయటి వరుసను వరండాల్లాంటి తెరపులతో నింపారు. శత్రువు కోసం కళ్లప్పగించి చూసిన వైపు ఊరి అందం చూసే చోటుగా మారింది. మెట్లూ అంతే. కోటల్లోని చుట్టుమెట్ల ఆకారమే, కానీ గోడలు తెరిచి ముంగిట్లోకి తెచ్చారు. కింద జరిగే వేడుకలు చూడటానికి అవి బాల్కనీల్లా పనికొచ్చేవి. ఉన్నదాన్ని కలుపుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

నాలుగో భాగం దగ్గరే గుండె కాస్త ఝల్లుమంటుంది. 1635లో 13వ లూయీ తమ్ముడు గాస్తోన్, వాస్తుశిల్పి ఫ్రాన్స్వా మాన్సార్ చేత పని మొదలుపెట్టించాడు. అక్కడున్న పాత కట్టడాన్ని కూల్చి, సరిసమానంగా కొలిచినట్టుండే గంభీరమైన భవనం లేపారు. దానికదే గొప్ప కట్టడం, కాదనను. కానీ అసలు ప్లాన్ మొత్తం కోటనే అలా తిరిగి కట్టడం. రాజుకు పిల్లలు లేరు కాబట్టి గాస్తోన్ అప్పటికి వారసుడు. 1638 సెప్టెంబర్‌లో రాజుకు కొడుకు పుట్టాడు, ఆ పిల్లాడే 14వ లూయీ. గాస్తోన్‌కు సింహాసనం ఆశ పోయింది, డబ్బు రావడం ఆగింది, పని సగంలో నిలిచింది. ప్రాకారాన్ని కడుపులో దాచుకున్న ఆ గదులూ, తెరిచిన చుట్టుమెట్లూ, పాత సభామందిరమూ అలా మిగిలాయి.