జోటెరో: శైలి మారుస్తుంది, చెత్త ఏరదు

మెడికల్ జర్నల్‌కు రిఫరెన్సులు వాంకూవర్ శైలి అంకెలతో కావాలి, సైకాలజీకి ఏపీఏ శైలి ఏడో కూర్పులో. ఒకచోట తిప్పికొట్టిన పేపర్‌ను ఇంకోచోటికి పంపాలంటే రిఫరెన్సులన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఆ చాకిరీ తప్పించడంలో, రిఫరెన్సులను దాచి అమర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ జోటెరోకు వంక పెట్టలేం, పైగా ఉచితం. వర్డ్‌లో జోటెరో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్ తెరిచి శైలి మారిస్తే లోపలి సైటేషన్లు, చివరి జాబితా కలిసే మారతాయి. వాంకూవర్‌కైతే అక్కడే జర్నళ్లకు మెడ్‌లైన్ (వైద్య వ్యాసాల సూచీ) వాడే పొట్టిపేర్ల గడిలో టిక్కు పెట్టాలి.

చిక్కల్లా లోపలికొచ్చే వివరాలతోనే. మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ (వ్యాసానికుండే శాశ్వత గుర్తింపు) గానీ పబ్‌మెడ్ (వైద్య వ్యాసాల డేటాబేస్) నంబరు గానీ ఇస్తే వివరాలు వచ్చిపడతాయి, అవతల తప్పుంటే ఆ తప్పుతో సహా. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ మనిషి పేరులా ఇంటిపేరు, సొంతపేరు అనే రెండు గడుల్లో పడిందనుకోండి, ఏపీఏ జాబితాలో 'ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్.' అనే రచయిత పుట్టుకొస్తాడు! పేరు పక్కనున్న బొత్తం నొక్కి ఒకే గడి చెయ్యాలి.

ఇంగ్లిష్ శీర్షికల్లో మొదటి మాటకు, పేర్లకు మాత్రమే పెద్దక్షరం ఉంచుకోవాలి. ప్రతి మాటకూ పెద్దక్షరం కోరే శైలికి జోటెరోనే మార్చుకుంటుంది, వెనక్కి మాత్రం తేలేదు. శీర్షిక మీద రైట్ క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్ ఉంది గానీ, అది పార్కిన్సన్ లాంటి పేర్లనూ చిన్నక్షరానికి దించి చిన్నబుచ్చవచ్చు, చూసుకోవాలి. భాషాశాస్త్రం పేపర్ల శీర్షికల్లో ఉదాహరణ పదాలు ఇటాలిక్‌లో రావాలంటే వాటిని <i>, </i> ట్యాగుల మధ్య పెట్టాలి.

ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ వెతికి జల్లెడపట్టే సిస్టమాటిక్ రివ్యూకు ఇదొక్కటే నమ్ముకోవద్దు. డూప్లికేట్లను చూపిస్తుంది, కానీ ఒక్కో గుంపునూ మీరే విడిగా కలపాలి. ఒకటి జర్నల్ వ్యాసంగా, ఇంకోటి ప్రీప్రింట్‌గా (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన ప్రతిగా) నమోదైతే రకం సరిచేసేదాకా కలవవు. వేలల్లో ఉంటే నడుం విరుగుతుంది.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు: ఉపసంహరించిన పేపర్ మీ దగ్గరుంటే ఉపసంహరణలను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో సరిచూసి ఎర్రగా హెచ్చరిస్తుంది. తిండి ఎంపికల మీద ఒకే పరిశోధకుడివి ఆరు పేపర్లను జామా పత్రికలు 2018 సెప్టెంబరులో ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి. వినియోగదారుల ప్రవర్తన మీద రాసేవాళ్లకు ఈ కాపలా తప్పనిసరి.

జోటెరో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ చోటు పీడీఎఫ్‌లతో ఇట్టే నిండుతుంది, రిఫరెన్సు వివరాల సింక్‌కు మాత్రం ఆ పరిమితి లేదు. చోటు చాలదని కంప్యూటర్‌లోని జోటెరో డేటా ఫోల్డర్‌ను డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో పెట్టారంటే డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది.