పదిహేడేళ్లుగా చదువుతున్న తెలుగు బైబిలు: కష్టకాలంలో అది నాకు ఎలా ఉపయోగపడింది

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది 2007 డిసెంబరులో, క్రిస్మస్‌కు వారం రోజుల ముందు, ఒంగోలులో కొన్న నా తెలుగు బైబిలును. మన సంఘాల్లో ఆదివారం ఆరాధనలో చదివే పాత అనువాదమే అది. చేతిలో ఇమిడే పరిమాణం, నల్లని రెక్సిన్ అట్ట, చుట్టూ జిప్పు, కాగితాల అంచులకు ఎర్ర రంగు. కొన్న నెలలోనే రాసి ఉంటే అట్ట గురించీ అచ్చు గురించీ తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇన్నేళ్లలో నాలుగున్నరేళ్లు దీన్ని డయాలిసిస్ మంచం పక్కన కూర్చుని చదివాను. ఆ తర్వాత మా వారు లేని ఇంట్లో ఒక్కదాన్నే చదువుతున్నాను. కష్టంలో ఉన్న మనిషికి ఈ గ్రంథం నిజంగా ఆదరణ ఇస్తుందా, ఇస్తే దాన్ని ఎలా చదవాలి అన్న ప్రశ్నకు నా అనుభవం మేరకు జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసం వేళ్లూనిందే కష్టకాలంలో. 1876-78 నాటి కరవులో ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్తిస్టు మిషనరీ జె.ఇ.క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరవు సహాయం సాగినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో మా ముత్తాతగారి తల్లిదండ్రులు కూడా ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది. ఆ కథ వింటూ పెరిగినదాన్నే అయినా, శ్రమ అంటే దేవుడు త్వరగా దాటించే ఒక చిన్న వంతెన అనే నేను అనుకునేదాన్ని. మా కూడికల్లో చెప్పే సాక్ష్యాలు కూడా చాలావరకు అలాగే ఉండేవి: జబ్బు చేసింది, ప్రార్థించాము, బాగుపడింది, దేవునికి స్తోత్రం.

2011 ఆగస్టులో మా వారి రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదని తేలింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు డయాలిసిస్ మొదలైంది. ఆ డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక, అందరితోపాటు నేనూ పళ్లెంలోంచి వాగ్దానం కార్డు, అంటే కొత్త సంవత్సరానికి దేవుని మాటగా ఒక బైబిలు వచనం అచ్చువేసిన కార్డు, తీసుకున్నాను. నాకు యిర్మీయా గ్రంథం 29:11 వచ్చింది: దేవుడు మనల్ని గూర్చి ఉద్దేశించినవి 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అన్న మాట. పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టుకొని, "ఇంకేం వదినా, ఈ సంవత్సరం అన్నయ్యగారికి స్వస్థతే" అంది. నేనూ అలాగే నమ్మాను. కార్డును మంచం తలవైపు గోడకు అంటించాను. 2012 గడిచింది, 2013 కూడా గడిచింది. ఆయన ఒళ్లు తగ్గిపోతూ వచ్చింది, డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో రక్తనాళాలను కలిపిన చోటు (ఫిస్టులా) ఉబ్బి తాడులాగా తయారైంది, కార్డు మాత్రం గోడ మీదే ఉంది. ప్రార్థనకు వచ్చిన ఒకరు, మా ఇద్దరిలో ఎవరికో విశ్వాసం చాలకపోవడం వల్లే స్వస్థత ఆగిపోయిందని ఆయన ఎదుటే అన్నారు. ఆ మాట తర్వాత దాదాపు రెండు నెలలు నేను బైబిలు తెరవలేదు. దీర్ఘకాలం వాడినదాని గురించి రాస్తున్నప్పుడు, వాడకుండా పక్కన పెట్టిన రోజుల సంగతి కూడా చెప్పాలి.

మళ్లీ తెరిచింది ఆ వచనం మీది కోపంతోనే. అంతవరకు కార్డు మీద ఉన్న ఒక్క వాక్యమే నాకు తెలుసు. ఆ రోజు 29వ అధ్యాయం మొదటినుంచి చదివాను. అది బబులోను దేశానికి బందీలుగా చెరపట్టుకుపోబడిన యూదులకు ప్రవక్త యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందున్న పదో వచనంలో, వారిని తిరిగి స్వదేశానికి రప్పించేది డెబ్బది సంవత్సరాలు గడిచాకే అని ఉంది. డెబ్బై ఏళ్లు! ఆ ఉత్తరాన్ని చదివి వినిపించినప్పుడు అక్కడ కూర్చున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరిగి ఇల్లు చూడకుండానే చనిపోయి ఉంటారు. ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలములు తినండి అని దేవుడు చెప్పింది ఆ పరాయి దేశంలోనే. ఆ సాయంత్రం నాకు మొదట కలిగింది నిరాశే అయినా, దాని వెనుకే ఒక ఊరట కూడా వచ్చింది. దేవుడు మాట తప్పలేదు. నేనే సగం ఉత్తరం చదివాను. మాకు ఇచ్చిన ఇల్లు ఇదే, వారానికి మూడు రోజుల ఈ ఆసుపత్రి బ్రతుకే అయితే, ఇందులోనే కాపురం ఉండాలి అనుకున్నాను. అప్పటినుంచి నేను ఏ వచనాన్నీ దాని ముందువెనుకల నుంచి విడదీసి చదవలేదు. ఈ గ్రంథాన్ని కష్టకాలం కోసం కొనేవారికి నేను ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే: వాగ్దానాలను ఏరుకోకండి, అధ్యాయం మొత్తం చదవండి.

ఆ తర్వాత కీర్తనలను వరుసగా, రోజుకు ఒకటి చొప్పున మొదలుపెట్టాను. మొత్తం 150. చిన్నప్పటినుంచీ నాకు కంఠతా వచ్చినవి 'యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు' వంటివే. వరుసగా చదివితే తెలిసింది, ఆ పుస్తకంలో ఎంత ఏడుపు, ఎంత నిలదీత ఉన్నాయో. పదమూడో కీర్తన 'ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు' అని మొదలవుతుంది. ఎనభై ఎనిమిదో కీర్తనకైతే చివర్లో స్తుతి కూడా లేదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అన్న మాటతో అది ఆగిపోతుంది. ఇది బైబిల్లోకి ఎలా వచ్చిందండీ అని మా పాస్టరుగారిని అడిగితే, "అలా మొరపెట్టినవాడు కూడా దేవునితోనే మాట్లాడుతున్నాడు కదమ్మా" అన్నారు. మా వారికి అది ఎంతో నచ్చింది. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. డయాలిసిస్‌లో రక్తపోటు పడిపోయి ఒళ్లు చల్లబడినప్పుడు, కళ్లు తెరవకుండానే, "ఆ బంధువర్గం కీర్తన చదువు" అనేవారు. ఊరడింపు మాటలు ఎవరు చెప్పినా ముఖం తిప్పుకునే ఆయన, ఆ కీర్తన చదువుతున్నంతసేపూ నా చెయ్యి వదిలేవారు కాదు.

డయాలిసిస్ రోగి ఇంట్లో ఉన్నవారికి దాహం సంగతి తెలుసు. మజ్జిగ, టీ, మందులకు తాగే నీళ్లు అన్నీ కలిపి రోజుకు లీటరు దాటకూడదని డాక్టరుగారు చెప్పారు. మే నెలలో ఒంగోలు ఎండలో అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ఉదయమే ఒక సీసాలో ఆ రోజు వాటా నీళ్లు కొలిచి పెట్టేదాన్ని. ఆయన మధ్యాహ్నం నుంచీ ఆ సీసా వంక చూస్తూ ఉండేవారు. అలాంటి ఒక మధ్యాహ్నం ఇరవై రెండో కీర్తన వంతు వచ్చింది. 'నా బలము యెండిపోయి చిల్లపెంకువలె ఆయెను, నా నాలుక నా దౌడను అంటుకొనియున్నది' అని చదువుతుంటే ఆయన ఆపమన్నారు. "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. కాసేపు పైకప్పు వంక చూసి, "సిలువ మీద ఆయనా దప్పిగొన్నాడు కదూ" అన్నారు. ఆ కీర్తన మొదటి మాటతోనే యేసు సిలువ మీద కేక వేశాడు. 'దప్పిగొనుచున్నాను' అన్న మాట యోహాను సువార్త 19వ అధ్యాయంలో ఉంది. మా వారికి అప్పటివరకు తన దాహం ఒక శిక్షలాగా ఉండేది. ఆ రోజు నుంచి, అదే దాహాన్ని ఎరిగిన ప్రభువు తన పక్కన ఉన్నాడన్నట్టు మాట్లాడేవారు. దాహం తగ్గలేదు. సీసా వంక చూడటం మాత్రం తగ్గింది. నా విశ్వాసం ఎప్పుడు పుట్టింది అని ఎవరైనా అడిగితే, బాప్తిస్మం పొందిన తేదీ చెప్పాలో ఆ మధ్యాహ్నం చెప్పాలో నాకు ఇప్పటికీ తేలదు.

డయాలిసిస్ హాలులో పక్క మంచం దగ్గర ఒక ముస్లిం పెద్దావిడ కొడుకు కోసం కూర్చునేవారు. నేను నోట్లోనే చదువుకుంటుంటే, "కొంచెం పైకి చదువమ్మా, మాకూ వినపడనీ" అని ఆవిడే అడిగారు. యోబు గ్రంథంలోని కొన్ని భాగాలు ఆవిడకు ఇష్టం; తాము అయ్యూబ్ నబీ అని పిలుచుకునే ఆ యోబు ఓర్పు గురించి తమ పెద్దలు చెప్పిన మాటలు నాకు చెప్పేవారు. ఆ హాలులో నేను నేర్చుకున్న సహవాసం చిన్నది కాదు.

భాష గురించి నేను కాస్త ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఇది ఇప్పటి వాడుక భాష కాదు. చుండెను, యున్నది వంటి రూపాలతో కొత్తవారికి మొదట్లో తడబాటు తప్పదు. పౌలు పత్రికల్లో కొన్ని వాక్యాలు ఎంత పొడవంటే, చివరికి వచ్చేసరికి కర్త ఎవరో మళ్లీ వెతుక్కోవాలి. పాత మాటలకు అర్థాలు ఇచ్చే పట్టిక నా ప్రతిలో లేకపోవడం పెద్ద లోపమే. అయినా కొన్నిచోట్ల ఆ పాత మాటే ప్రాణం. యాభై ఆరో కీర్తన ఎనిమిదో వచనంలో కన్నీళ్లు దేవుని 'కవిలెలో' కనబడతాయని ఉంది. కవిలె అంటే వెనుకటి కరణాలు గ్రామ లెక్కలు రాసి పెట్టుకున్న తాటాకుల కట్ట. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టారు అన్నది అందులో చెరిగిపోకుండా ఉండేది. 'పుస్తకము' అని రాసి ఉంటే నేను ఆగకుండా దాటిపోయేదాన్ని. దేవుడు నా కన్నీళ్లకు కరణంలాగా లెక్క రాసి పెట్టుకున్నాడన్న ఊహ ఆ ఒక్క మాట వల్ల వచ్చింది. యోబు గ్రంథం, రోమీయులకు రాసిన పత్రిక అర్థం కానప్పుడు వాడుక భాషలోని అనువాదాన్ని పక్కన పెట్టుకున్నాను. అది విషయాన్ని విప్పి చెబుతుంది. రాత్రి నిద్ర పట్టనప్పుడు మాత్రం పెదవుల మీదికి వచ్చేది పాత అనువాదమే.

మా వారు 2016 మార్చిలో ప్రభువునందు నిద్రించారు. ఆదరణ కూడికలో చాలామంది చాలా మాటలు చెప్పారు, అందరూ ప్రేమతోనే చెప్పారు. నాకు గుర్తున్నది ఒక్కటే. చెల్లెలి వరసైన ఒకామె, తనూ భర్తను పోగొట్టుకున్నామె, లేచి రెండవ కొరింథీయులకు మొదటి అధ్యాయం మూడో వచనం నుంచి ఏడో వచనం వరకు చదివి, ఒక్క వ్యాఖ్య కూడా చేయకుండా కూర్చుంది. ఆ ఐదు వచనాల్లో ఆదరణ అన్న మాట పదే పదే వస్తుంది. అదే పత్రిక పన్నెండో అధ్యాయంలో, తన శరీరంలో ముల్లులాగా గుచ్చుకుంటున్న ఒక బాధను తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తీసివేయబడలేదు. 'నా కృప నీకు చాలును' అన్న జవాబు వచ్చింది. మా వారి విశ్వాసం చాలలేదన్నవారికి నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా అలా అంటే, అపొస్తలుడికే తీయని ముల్లు సంగతి చదివి వినిపిస్తాను.

ఇక పుస్తకం తయారీ గురించి. కాగితం చాలా పలుచన. పెన్సిల్‌తో గీసుకోవచ్చు గాని ఇంకు పెన్ను వాడితే వెనక పుటలోకి దిగుతుంది. జిప్పు మూడో ఏడే పాడైంది. జిగురుతో అంటించిన బైండింగు 2013లో సరిగ్గా కీర్తనల దగ్గర విడిపోయింది. బైండింగు చేసే ఆయన దారంతో మళ్లీ కుట్టి గుడ్డ అట్ట వేసి ఇచ్చారు, ఆ పని ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కొనేటప్పుడే కుట్టు బైండింగు ఉన్న ప్రతిని ఎంచుకోండి. అక్షరాలు మరీ చిన్నవి. ఆసుపత్రి హాలులోని ట్యూబులైట్ల కింద ఇబ్బంది లేకపోయింది గాని, ఇంట్లో రాత్రివేళ నలభై దాటినవారి కళ్లకు ఇవి పనికిరావు. ఫోనులో వినే బైబిలు కూడా వాడి చూశాను. వంట చేసుకుంటూ వినడానికి బాగుంటుంది. కాని పుట అంచున 'డయాలిసిస్, ఉదయం 6, చలి' అని రాసుకున్న తేదీలు అందులో ఉండవు.

నిరుడు శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా అమ్మాయి పెద్ద అక్షరాల ప్రతి తెచ్చి ఇచ్చింది. బరువు ఎక్కువ, ఒళ్లో పెట్టుకోవడం కష్టం. బల్ల మీద పెట్టుకొని చదువుతున్నాను. పాత దానిలోని గీతలనూ తేదీలనూ రోజుకు ఒక కీర్తన చొప్పున పెన్సిల్‌తో ఇందులోకి ఎక్కిస్తున్నాను. నిన్న డెబ్బై ఒకటో కీర్తన దగ్గరికి వచ్చాను. 'వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము' అన్న వచనం పక్కన పాత ప్రతిలో ఏ గీతా లేదు. కొత్తదానిలో గీసి, పక్కన తేదీ వేశాను.