“వందనే అన్నరనుకున్న అన్నా” అంటే నమ్మకండి: పెట్రోల్ బంకులో నాకు పడ్డ బొక్క

నిన్న పొద్దున జరిగింది. కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. బంకు పేరు రాయను. రోజూ హన్మకొండకు బండి మీద వచ్చే మనోళ్లకు రెండు ముక్కలు చదివితే అర్థమైపోతుంది.

రేట్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. నవంబర్ నుంచి అయిదు రాష్ట్రాల ఎలక్షన్లు అయ్యేదాకా కదలకుండా కూర్చున్న రేటు, మార్చి 22 నుంచి 90 పైసలు, 90 పైసలు అంటూ ఎక్కి, నిన్నటికి, అంటే 2022 ఏప్రిల్ 6కి, లీటరు 119 అయింది. 16 రోజుల్లో 14 సార్లు. “రెండు లీటర్లు పొయ్యి” అనడం ఎప్పుడో మానేశాం, ఇప్పుడు అందరం రెండు వందలకు, అయిదు వందలకు అనేవాళ్లమే. పొద్దున ఆరింటికి రేటు మారుతుంటే అయిదు వందలకు ఎన్ని లీటర్లు రావాలో ఎవరికి గుర్తుంటుంది? వాళ్లకు కావలసింది కూడా అదే.

“అయిదు వందలకు పొయ్యి తమ్మీ” అన్నాను. “జీరో చూడన్నా” అన్నాడు. చూశాను. వంద దగ్గర ఠక్కున ఆపాడు.

“అయ్యో, వందనే అన్నరనుకున్న అన్నా. ఆగండి, మిగతా నాలుగు వందలు పోస్త.”

ఎంత మర్యాద! అప్పుడే పక్కనుంచి ఇంకొకడు “ఫోన్‌పేనా అన్నా, క్యాషా?” అని వచ్చాడు. అటు తిరిగి ఫోన్ తీశాను. ఇటు తిరిగేసరికి మీటర్ మీద 400, పైపు బయట. వంద, నాలుగు వందలు కలిపితే అయిదు వందలు. బీకాం చదివిన బుర్ర కదా, లెక్క వెంటనే తేలింది. 500 కొట్టి, థ్యాంక్స్ కూడా చెప్పి వచ్చాను.

గాలి పట్టించుకుందామని పక్కకు ఆపాను. ఎక్సెల్ బండికి రెండు పాల క్యాన్లు కట్టుకుని ఒక తాత వచ్చాడు. రెండు వందలకు పొయ్యమన్నాడు. అదే పిల్లగాడు 50 దగ్గర ఆపాడు. “యాభైకే అన్నవనుకున్న తాతా.” ఈసారి నా కళ్లు మీటర్ మీదే ఉన్నాయి. రెండోసారి పైపు నొక్కితే అంకెలు సున్నా నుంచి మొదలు కాలేదు. 51, 52... అక్కడినుంచే ఎక్కాయి. 150 దగ్గర ఆగాయి. తాత రొంటిలోంచి మడతలు పడ్డ రెండు వంద నోట్లు తీసి ఇచ్చి పోయాడు. గాలి పైపు చేతిలో పట్టుకుని నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. తాతకు పడింది 150కే, నాకు పడింది 400కే అని బుర్రకు ఎక్కేలోపు ఎక్సెల్ రోడ్డెక్కింది.

వెనక్కి పోయి అడిగితే “పోసిన గదన్నా, మీరే చూస్కోలే” అన్నాడు. బిల్లు ఇమ్మంటే రోల్ అయిపోయిందట. మేనేజర్ వచ్చాడు. నేను చెప్పేది సగం కూడా వినకుండా లోపలినుంచి 5 లీటర్ల కొలత క్యాను తెప్పించి, లైన్లో అందరి ముందు నింపించాడు. సరిగ్గా గీత దగ్గర ఆగింది. ఆగదా మరి! మెషిన్‌లో మోసం ఉందని నేను అన్నానా?

అప్పుడు అన్న మాట చూడండి: “కొలత కరెక్టే గద సార్. రేటు పెంచింది మేమా? ఆ కోపమంత మా మీద తీస్తే ఎట్ల? ఇంత చదువుకున్నోళ్లు వంద రూపాయలకు పొద్దుపొద్దుగాల లొల్లి!”

వెనకనుంచి ఒకాయన, “జరుగన్నా, డ్యూటీకి లేటైతుంది.” అంతే. దొంగ నేనైనట్టు బండి తీసుకుని వచ్చేశాను. కిరాణా కొట్టులో చక్కెర తూకం రెండుసార్లు చూసే మనిషిని. వంద అంటే ముప్పావు లీటరు పైనే, నాకు ఒక పూట ఆఫీసుకు పోయే పెట్రోలు. అంతకంటే ఆ “చదువుకున్నోళ్లు” అన్న మాటకే రాత్రి నిద్ర పట్టలేదు.

తూనికలు కొలతల శాఖకు రాశాను. నా దగ్గరున్నది 500 కట్టిన స్క్రీన్‌షాట్ ఒక్కటే, ఏమవుతుందో చూడాలి.

మీరైతే మధ్యలో ఆపితే అక్కడికే డబ్బు కట్టేయండి, మళ్లీ సున్నా చేసి పొయ్యమనండి. లీటర్ల అంకె కూడా చూడండి. ఫోన్ ముందే తీసి పెట్టుకోండి, పోసేటప్పుడు ఎవడు పిలిచినా తిరగొద్దు.

ఆ పాల క్యాన్ల తాత మీలో ఎవరి ఇంటికైనా పాలు పోస్తుంటే, నిన్న 50 రూపాయల పెట్రోలు తక్కువ పడిందని చెప్పండి. నేను చెప్పలేకపోయాను.